బిట్టు పేపర్లో చదివిన అడవి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ పిల్లలు ఫోన్ చేశారు. "కష్టపడి చదవండి, పైకి వస్తారు" అని రాయడం సులువే. ఆ మాట మీకు వార్డెన్ గారూ ట్యూటర్లూ రోజూ చెబుతూనే ఉంటారు. అందుకని నేను వేరే సంగతి రాస్తున్నాను. చేతిలో డబ్బులు పెద్దగా లేకపోయినా, ఎక్కువమందికి తెలియని నేషనల్ పార్కులను ఎలా చూడొచ్చో, నేను ఎలా చూశానో చెబుతాను. "తిండికీ పుస్తకాలకే చాలడం లేదు, మనకు అడవులు చూసే సరదా ఎందుకన్నా?" అని మీలో కొందరు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే ఈ వ్యాసం.

నిజానికి పోటీ పరీక్షలకు చదివే హాస్టల్ విద్యార్థికి నేషనల్ పార్కుల గురించి తెలిసినంతగా వాటిని చూసి వచ్చిన వాళ్లకు కూడా తెలియదు. కజిరంగా అనగానే ఖడ్గమృగం అంటాం. గిర్ అనగానే సింహం అంటాం. దేశంలో మొదటి నేషనల్ పార్కు ఏది అంటే, 1936లో హెయిలీ పేరుతో పెట్టి తర్వాత జిమ్ కార్బెట్ పేరు పెట్టింది అని నిద్రలో లేపినా చెబుతాం. రాత్రి స్టడీ అవర్లో ట్యూబులైటు కింద చాపలేసుకుని కూర్చుని, ఒకడు ప్రశ్న చదివితే మిగిలినవాళ్లం జవాబు అరిచేవాళ్లం. "శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు ఏర్పడిన సంవత్సరం?" అంటే "1989!" అని హాలంతా మోగేది. దాని విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు అని కూడా బట్టీ పట్టాం.

ఆ హాలు కిటికీలోంచి చూస్తే దూరంగా నల్లగా కనిపించే కొండలే శేషాచలం కొండలు. మేం అరిచిన జవాబూ, ఆ కిటికీలోని కొండలూ ఒకటేనని మాకు ఏ గైడులోనూ లేదు. గైడులో ఒక మార్కు ఉంది, అంతే.

మా ఇళ్లల్లో ఆ కొండకు వేరే అర్థం ఉండేది. కొండ అంటే కట్టెలు. మాయమ్మ తెల్లవారుజామున నాలుగింటికి ఇంకో నలుగురు ఆడవాళ్లతో కలిసి కొడవలి, తాడు తీసుకుని పోయేది. మధ్యాహ్నానికి మోపు నెత్తిన పెట్టుకుని దిగేది. సగం ఇంటికి, సగం హోటలుకు. మోపు అమ్మితే వచ్చే దుడ్లతోనే నాకు నోటుబుక్కులు. దారిలో ఫారెస్టు వాళ్లు కనిపిస్తే మోపు అక్కడే పడేసి పరుగెత్తాలి. కొడవలి గుంజుకుంటే ఇంకో కొడవలి కొనేదాకా పని లేదు. అందుకే మా ఊళ్లో "అడివి చూసొద్దాం" అనే మాటే లేదు. అడివికి పనికి పోతారు, చూడ్డానికి ఎవరు పోతారు?

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పుకోవాలి. పరీక్షలకు కూడా పనికొస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం వేరు, నేషనల్ పార్కు వేరు. అభయారణ్యంలో చుట్టుపక్కల జనానికి కొన్ని హక్కులు కొనసాగించే వీలుంది. నేషనల్ పార్కులో నియమం మరింత గట్టిది. పశువులను మేపకూడదు, పుల్ల కూడా తీసుకుపోకూడదు. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం నేషనల్ పార్కుల్లో ఉన్నవాళ్లకు కూడా వర్తిస్తుంది. కానీ కాగితం మీది హక్కు చేతికి రావడానికి ఎంత తిరగాలో మన కుటుంబాలకు చెప్పక్కర్లేదు.

మరో చిత్రం చూడండి. నేషనల్ పార్కు అంటే పెద్దపులి ఉండే చోటు అనుకుంటాం. మన రెండు రాష్ట్రాల్లో పెద్దపులులు తిరిగే నల్లమలకు నేషనల్ పార్కు హోదా లేదు. అది పులుల అభయారణ్యం. ఒక్క పులి కూడా లేని హైదరాబాద్ పక్క చిలుకూరు మాత్రం నేషనల్ పార్కు. ఆంధ్రప్రదేశ్‌లో మూడు, తెలంగాణలో మూడు నేషనల్ పార్కులు ఉన్నాయి. తెలంగాణలోని మూడూ హైదరాబాద్‌లోనో, దాన్ని ఆనుకునో ఉన్నాయి. మూడింటి విస్తీర్ణం కలిపినా 20 చదరపు కిలోమీటర్లు లేదు. ఆంధ్రలో అన్నిటికంటే పెద్దది పాపికొండలు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. కడప జిల్లాలో పెన్నా ఒడ్డున రామేశ్వరం వద్ద ఉన్నది రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. 2005లో దాన్ని నేషనల్ పార్కు చేశారు. కడపలో చదివినవాళ్లను అడిగినా ఎక్కువమంది "అవునా?" అంటారు.

నేను మొదటిసారి నేషనల్ పార్కులోకి టిక్కెట్టు కొని అడుగుపెట్టింది తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు. 2002 డిసెంబరు. హాస్టల్ గదిలో నలుగురం. నలుగురిలో ఒకడు తలకోన వైపు వాడు. "రేయ్, నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉండేవాళ్లు కార్లేసుకుని మా ఊరికి వస్తారు, మీరు ఇక్కడే ఉండి చూడలేదా?" అని దెప్పేవాడు. ఆదివారం పొద్దున్నే మెస్సులో అడిగి నిమ్మకాయ పులిహోర పొట్లాలు కట్టించుకున్నాం. భాకరాపేట మీదుగా పోయే ఆర్టీసీ బస్సు ఎక్కాం. నెరబైలు దాటాక రోడ్డుకు రెండు వైపులా చెట్లు దగ్గరికి వచ్చేశాయి. అప్పటిదాకా కబుర్లు చెబుతున్న వాళ్లం ఎవరూ చెప్పకుండానే మాట తగ్గించేశాం. నలుగురికీ కలిపి ఆరోజు అయిన ఖర్చు మూడు వందల లోపే.

తలకోన జలపాతం ఎత్తు 270 అడుగులు. ఫోటోల్లో చూసినప్పుడు ఆ అంకె అర్థం కాదు. కింద నిలబడి మెడ వెనక్కి వంచి, ఇంకా వంచి, నీళ్లు ఎక్కడ మొదలవుతున్నాయో వెతికితే అర్థమవుతుంది. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి పైకి నడిచే దారిలో గిల్లతీగ ఉంది. తీగ అంటే మల్లెతీగలా అనుకోకండి. మనిషి నడుమంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి పాకి ఉంటుంది. ఈ కొండల్లో ఎర్రచందనం ఉంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగని చెట్టు అది. బంగారు బల్లి ఉంది. రాత్రిపూట గుండ్రటి కళ్లతో కొమ్మలు పట్టుకుని నెమ్మదిగా కదిలే దేవాంగపిల్లి ఉంది. ఇవేవీ ఆరోజు మాకు కనిపించలేదు. కోతులు, సీతాకోకచిలుకలు, ఒక ఉడుము కనిపించాయి. అయినా తిరుగు ప్రయాణంలో ఎవరూ దానికి బాధపడలేదు. అడవి సినిమా హాలు కాదు, టైముకు బొమ్మ వెయ్యడానికి.

డిగ్రీ అయ్యాక గ్రూప్స్ కోచింగ్ కోసం హైదరాబాద్ వెళ్లాను. అప్పటికి ఒకటే రాష్ట్రం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదిలో ఐదుగురం, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీ. నెలకు ఇంటి నుంచి వచ్చేది ఏమీ లేదు, ట్యూషన్లు చెప్పుకుని బతికేవాళ్లం. కానీ సిటీ బస్సు పాసు ఉంది. ఆ పాసే నాకు హైదరాబాద్‌ను చూపించింది. వరుసగా ఆరు రోజులు చదివితే ఏడో రోజు బుర్రలోకి ఏమీ ఎక్కదు. అలాంటి ఒక ఆదివారం "విజయవాడ రోడ్డులో జింకల పార్కు ఉందంట" అని ఒక మిత్రుడు అంటే బయల్దేరాం.

అది వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం నవాబుల వేట మైదానం. మహావీరుడి 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో నేషనల్ పార్కు అయింది. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు. గోడకు ఇవతల లారీల హారన్లు, ఆటోనగర్ సుత్తి దెబ్బలు. గోడకు అవతల గడ్డిలో కృష్ణజింకల మంద. మగజింక వీపు నల్లగా, పొట్ట తెల్లగా, కొమ్ములు స్క్రూలా మెలికలు తిరిగి ఉంటాయి. ఆడవీ పిల్లలూ గోధుమ రంగు. ఏదో చప్పుడైంది. ఒకటి ఎగిరింది, వెనకే ఇంకొకటి, తర్వాత మందంతా నేల అంటకుండా ఎగురుతూ పోయాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు ఏది అంటే "కృష్ణజింక" అని ఎన్నిసార్లు రాసి ఉంటాం! జింక ఎగరడం చూశాక ఆ బిట్టు మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

అలాగే చిలుకూరు దగ్గర మృగవని. మెహిదీపట్నం నుంచి బాలాజీ గుడికి పోయే బస్సుల్లో ఆదివారం కాలు పెట్టడానికి సందు ఉండదు. గుడి దగ్గర దిగే వందలాది మందిలో పక్కనే నేషనల్ పార్కు ఉందని తెలిసి అటు తిరిగేవాళ్లు చాలా తక్కువ. 3.6 చదరపు కిలోమీటర్ల చిన్న అడవి. చుక్కల దుప్పులు, కణుజులు, నెమళ్లు, అడవి పందులు. మంచె లాంటి కావలి టవరు ఎక్కి కూర్చుంటే గాలి చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. నెలకు ఒకసారైనా అక్కడికి పోయి ఒక గంట ఊరికే కూర్చుని వచ్చేవాణ్ని. గదిలో ఐదుగురి మధ్య నాకు దొరకనిది అక్కడ దొరికేది. ఆ గంట తర్వాత చదివిన చదువు బుర్రలో నిలిచేది. పెద్ద నగరాల్లో కోచింగ్ తీసుకునే తమ్ముళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

అన్ని చోట్లా మర్యాద ఒకేలా దొరకలేదు. ఒక పార్కు గేటు దగ్గర జరిగింది చెబుతాను, పేరు రాయను. నేనూ నా మిత్రుడూ బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లాం. మా ముందు రెండు కార్లు ఆగకుండానే లోపలికి పోయాయి. మమ్మల్ని మాత్రం ఆపారు. "ఎవరు మీరు? ఏ ఊరు? ఎందుకొచ్చారు? సంచిలో ఏముంది?" సంచి విప్పి చూపించాం. పెరుగన్నం, నీళ్ల సీసా, ఇండియన్ పాలిటీ పుస్తకం ఉన్నాయి. "చూడ్డానికి వచ్చాం" అంటే నమ్మలేదు. నడిచి వచ్చినవాడు, చెప్పులు అరిగినవాడు, నల్లగా ఉన్నవాడు అడవికి వస్తే దేనికో వచ్చినట్టే. నా మిత్రుడు వెనక్కి పోదామన్నాడు. నేను కాలేజీ గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, "రెండు టిక్కెట్లు ఇవ్వండి సార్" అన్నాను. ఇచ్చారు. సాయంత్రం దాకా తిరిగి వచ్చాం. ఆ టిక్కెట్టు ముక్క ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

తమ్ముళ్లూ, ఆ అనుమానం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. మన కొండల్లో ఎర్రచందనం దొంగ రవాణా చేసేవాళ్లు ఎక్కడో మేడల్లో ఉంటారు. గొడ్డలి పట్టేది, దుంగ మోసేది మాత్రం పేదవాళ్లే. ఒక్క రాత్రికి నెల కూలి ఇస్తామని ఆశపెడతారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో జరిగిన కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మాయమ్మ నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. నేను అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను. అయినా చేసింది. ఎవరైనా మీకు అలాంటి పని చూపిస్తే ఆ మనిషి నీడ కూడా తొక్కకండి. అడవిలోకి గేటు గుండా, పగటిపూట, టిక్కెట్టు జేబులో పెట్టుకుని పోండి. ఆ చిన్న కాగితం ముక్క మీరు ఎవరో చెబుతుంది.

పాపికొండలకు నేను ఉద్యోగం వచ్చాకే వెళ్లగలిగాను. 2008లో నేషనల్ పార్కు అయిన ఆ అడవిని అందరూ గోదావరి మీద బోటులోంచి చూస్తారు. నాతో కోచింగ్ తీసుకున్న ఒక మిత్రుడు కొండరెడ్డి, వాళ్లది దేవీపట్నం వైపు. "బోటు ఎందుకురా దండగ, బస్సులో రా, నడిపించి చూపిస్తా" అన్నాడు. రాజమండ్రి నుంచి రంపచోడవరం, అక్కడి నుంచి మారేడుమిల్లి. ఆర్టీసీ బస్సు ఘాటు ఎక్కుతుంటే వెదురు కొమ్మలు కిటికీలకు తగిలేవి. వాళ్ల బంధువుల ఇంట్లో రెండు రోజులున్నాం. వాళ్లు పెట్టిన అన్నానికి డబ్బిస్తే తీసుకోలేదు. ఇంట్లో పిల్లలకు నోటుబుక్కులు కొనిచ్చి వచ్చాను. పోలవరం ప్రాజెక్టు కింద వాళ్లవాళ్లు కొందరి ఊళ్లు మునకలోకి పోయాయి. "కాలనీలో ఇంటికి స్లాబు ఉందిరా, ఇంటి వెనకాల అడవి లేదు" అన్నాడు వాడు. మనం చూసి వచ్చే ప్రతి అడవి వెనకా అలాంటి మాట ఒకటి ఉంటుంది. అది విని రావడం కూడా చూడటంలో భాగమే.

2024 మార్చిలో ఆ పాపికొండల అడవి గురించే ఒక వార్త దేశమంతా తిరిగింది. నల్లమద్ది చెట్టు బెరడు మీద ఉబ్బు ఉన్నచోట గాటు పెడితే కుళాయి తిప్పినట్టు నీళ్లు ధారగా వచ్చాయి. అటవీ అధికారులు దాన్ని చేసి చూపించారు. ఆ సంగతి వాళ్లకు చెప్పింది కొండరెడ్లు. టీవీలో చూసి అందరూ ఆశ్చర్యపోయారు. నా మిత్రుడికి ఫోన్ చేస్తే, "మా ముసలివాళ్లకు ఇదేం కొత్త?" అని నవ్వాడు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. 2012 డిసెంబరులో సెలవు పెట్టి ఇంటికి వచ్చినప్పుడు మాయమ్మను తలకోనకు తీసుకుపోయాను.

ముందు రానంది. "ఆ కొండల్లో ఏముందిరా సూసేదానికి? నలభై ఏండ్లు సూసినా" అంది. బలవంతం మీద బయల్దేరింది. కొత్త చీర కట్టుకుంది. గేటు దగ్గర నేను టిక్కెట్టు కొంటుంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అడివిలోకి పోయేదానికి దుడ్లు కట్టేదా? అప్పుడేమో లోపలికి పోతే ఫైను, ఇప్పుడేమో లోపలికి పోతే టిక్కెట్టు" అంది. టిక్కెట్టు ఇచ్చే అబ్బాయి కూడా నవ్వేశాడు.

నడక మొదలుపెట్టాక నేను వెనకబడ్డాను, ఆమె ముందుకు పోయింది. చెట్లకు కట్టిన రేకు బోర్డుల మీద శాస్త్రీయ నామాలున్నాయి. ఆమెకు చదువు రాదు, బోర్డు వైపు చూడనైనా చూడలేదు. "ఇది కరక్కాయ మాను. ఇది రేల. ఇది తునికి, పండు తియ్యగుంటాది. దీని కట్టె పొగ ఎక్కువ, దాన్ని తేకూడదు. అదిగో, ఆ మాను ఆకు నూరి పూస్తే గాయం మానతాది" అంటూ పోతోంది. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కుటుంబం మా వెనకే నడుస్తోంది. వాళ్లలో ఒకామె, "అమ్మా, ఈ చెట్టు పేరేంటండీ?" అని అడిగింది. మాయమ్మ చెప్పింది. ఆమె ఇంకోటి అడిగింది. జలపాతం దాకా వాళ్లు మాయమ్మ పక్కనే నడిచారు. చివర ఆ పెద్దాయన నాతో, "మీ అమ్మగారు బోటనీ టీచరా?" అన్నాడు. "కట్టెలు కొట్టేది సార్" అన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు తగ్గలేదు. హాస్టల్లో చేరిన కొత్తల్లో తండ్రి పని, తల్లి పని అని ఫారం నింపేటప్పుడు తలవంచుకుని రాసే తమ్ముళ్ల కోసం ఈ ముక్క రాస్తున్నాను.

దారిలో ఎండుకొమ్మ ఒకటి విరిగి పడి ఉంది. మాయమ్మ చెయ్యి దాని మీదికి పోయి మధ్యలో ఆగిపోయింది. "ఎంత మంచి కట్టెరా, వట్టిగా పోతాంది" అంది. అది అక్కడే కుళ్లితే పురుగులకు తిండి, చెట్లకు ఎరువు అని నేను చెప్పబోయాను. "తెలుసులే. అందుకే మేం పచ్చి మానును కొట్టేవాళ్లం కాదు. అయినా ఇప్పుడు గ్యాసు వచ్చె గదా" అంది.

జలపాతం ఎదురుగా రాయి మీద కూర్చుని చాలాసేపు పైకి చూసింది. ఆకలేస్తుందేమో, తెచ్చిన సద్ది తిందామా అని అడిగాను. వినిపించుకోలేదు. కాసేపటికి, "ఇన్నేండ్లు నెత్తిన మోపుతో కిందికి సూసుకుంటా నడిస్తిమి గానీ, ఒక్కనాడన్నా తలెత్తి పైకి సూడలేదు గదరా" అంది.

ఖర్చు లెక్క రాసే అలవాటు నాకు హాస్టల్ రోజుల నుంచీ ఉంది. ఆరోజు ఇద్దరికీ బస్సు చార్జీలు, టిక్కెట్లు, టీలు కలిపి మూడు వందల ముప్పై రూపాయలు.

అడవి తెలిసినవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారనడానికి ఇంకో ఉదాహరణ కడప జిల్లాదే. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు మొదట గుర్తించాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందని రాసేశారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర అది మళ్లీ దొరికింది. బొంబాయి నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు బొమ్మలు చూపించి ఊరూరా అడిగితే, రాత్రిపూట టార్చిలైటుతో దాన్ని పట్టి చూపించింది పిట్టలు పట్టుకుని బతికే ఒక స్థానికుడు. శాస్త్రం లేదన్న పిట్టను చూపించడానికి ఆ పొదల్లో నడిచిన కాళ్లే కావాల్సి వచ్చాయి. ఆ పక్షి కోసమే అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ఇక బయల్దేరాలనుకునే తమ్ముళ్లకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు.

బస్సే మన వాహనం. పొద్దున మొదటి బస్సుకు పోయి, సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో దిగగానే కండక్టరును అడిగి పెట్టుకోండి. అది తప్పితే మిగిలిన డబ్బంతా ఆటోకే పోతుంది. ముగ్గురు నలుగురు కలిసి పోతే ఖర్చు తగ్గుతుంది, ధైర్యం పెరుగుతుంది. సద్ది కట్టుకుపోండి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా డబ్బాలో. కోతులకు పెట్టకండి, మనం పెట్టే మెతుకే వాటిని రోడ్డు మీదికి తెస్తుంది.

పార్కులు వారంలో ఏ రోజు మూస్తారో, వానాకాలంలోనూ ఎండాకాలంలో నిప్పు భయం ఉన్నప్పుడూ తెరుస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. విద్యార్థులకు టిక్కెట్టు తగ్గింపు ఉందేమో అడగండి. గుర్తింపు కార్డు మరిచిపోకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు జలపాతాలకు మంచి కాలం. నీళ్ల దగ్గర మాత్రం ఈత వచ్చినవాడు కూడా హద్దు దాటకూడదు. తిరుమల మెట్లదారి ఈ శేషాచలం అడవుల మధ్య నుంచే పోతుంది. అలిపిరి మెట్లు ఎక్కడానికి పైసా ఖర్చు లేదు. కానీ 2023 ఆగస్టులో ఆ దారిలో ఒక చిన్నారిని చిరుతపులి పొట్టనబెట్టుకుంది. అప్పటి నుంచి పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు నిర్ణయించారు. గోదావరి మీద 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎంతోమంది పోయారు. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎక్కవద్దు. చౌకగా పోవడం అంటే ప్రాణాన్ని చౌక చెయ్యడం కాదు.

అన్నిటికంటే ముఖ్యం, గేటు దగ్గర ఎవరైనా ఎగాదిగా చూస్తే వెనక్కి తిరగకండి. కోపం తెచ్చుకోకండి, కార్డు చూపించండి, టిక్కెట్టు కొనండి, లోపలికి నడవండి. కారులో వచ్చినవాడికి ఎంత హక్కు ఉందో కాలినడకన వచ్చినవాడికీ అంతే ఉంది.

చివరగా వార్డెన్ గారికీ, విద్యార్థి కమిటీకీ ఒక విన్నపం. ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ముందుగా లెటర్ పెట్టుకుంటే పిల్లలను అడవికి తీసుకుపోవడానికి అదే మంచి సమయం. ఈ సంవత్సరం మన హాస్టల్ నుంచి ఒక బస్సు బయల్దేరాలి. చార్జీల ఖర్చు నాతోపాటు చదివిన మిత్రులం కొందరం కలిసి భరిస్తాం. ఇప్పటికే ఆరుగురం మాట్లాడుకున్నాం. ఈ వ్యాసం చదివే పూర్వ విద్యార్థులు కూడా చెయ్యి కలపండి.

దానికి ఒక షరతు ఉంది. పోయే ప్రతి విద్యార్థీ ముందుగా ఇంటికి పోయి వాళ్లమ్మనో జేజినో కూర్చోబెట్టి, వాళ్లకు తెలిసిన చెట్లూ, పిట్టలూ, పండ్లూ, ఆకుల పేర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని రావాలి. అడవిలో ఆ పేర్లు వెతకాలి. తిరిగొచ్చాక ఆ పుస్తకాలన్నీ మన హాస్టల్ లైబ్రరీలో పెట్టాలి. జనరల్ నాలెడ్జి గైడుల పక్కనే పెట్టండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— మీ అన్న, ఒక పూర్వ విద్యార్థి